స్నైపర్‌వా మామయ్యా?

తెల్లారగట్ల నాలుగున్నరకే మా కుర్రాళ్ళు బారువ సముద్రం ఒడ్డుకి పరుగుకి వస్తారు. ఆర్మీ సెలక్షన్లకి 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది కదా, దానికోసం. ఇసుకలో పరిగెత్తితే పిక్కలు గట్టిపడతాయని మా రోజుల్లో మాకూ ఎవరో చెప్పారు, మేమూ ఇలాగే పరిగెత్తాం. రిటైరై వచ్చాక నేను రోజూ అటే నడకకి వెళ్తాను. పరుగు అయ్యాక చుట్టూ చేరతారు. మొన్న వాళ్ళలో అందరికంటే చిన్నవాడు, ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు, అడిగాడు.

"మామయ్యా, నువ్వు పారా కమాండోవి కదా. స్నైపర్‌వా?"

"కాదురా. నేను మెడిక్‌ని."

వాడి మొహం చిన్నబోయింది. "అంటే... కాంపౌండర్ లాగానా?"

వాడి తప్పేం లేదు. ఫోన్లో చూసే వీడియోల్లో తుపాకీ గొట్టం తప్ప ఇంకేమీ కనిపించదు. కానీ ఇంటికొచ్చి కాఫీ తాగుతున్నంతసేపూ ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను 1994లో విశాఖపట్నంలో భర్తీ అయ్యి మద్రాస్ రెజిమెంట్‌లో చేరాను. ట్రైనింగ్ నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లో. ఉప్పుగాలిలో పెరిగిన ఒళ్ళు ఆ చలికి మొదటి నెలంతా వణికింది. "వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు" అని గొంతు పోయేలా అరిచిన గ్రౌండ్ ఇప్పటికీ కళ్ళ ముందుంటుంది. మూడేళ్ళ తర్వాత పారా స్పెషల్ ఫోర్సెస్‌కి వాలంటీర్లు కావాలని మా బెటాలియన్‌కి లెటర్ వచ్చింది. కాగితం మీద పారా ఎస్ఎఫ్, అందరి నోట్లోనూ పారా కమాండో. మా బ్యారక్‌లో నలుగురం పేర్లిచ్చాం.

ఇక్కడ ఒక మాట. మన వైపు నల్ల డ్రెస్ వేసుకుని తుపాకీ పట్టుకున్న ప్రతివాడూ కమాండోనే. నిజానికి ఎవరి పేరు వాళ్ళకుంది. బ్లాక్ క్యాట్స్ అంటే ఎన్ఎస్‌జీ, నేషనల్ సెక్యూరిటీ గార్డ్, 1984లో పుట్టింది, హర్యానాలోని మానేసర్‌లో ఉంటుంది. అందులో స్పెషల్ యాక్షన్ గ్రూప్‌కి ఆర్మీ నుంచే వెళ్తారు. గ్రేహౌండ్స్, ఆక్టోపస్ పోలీసు వాళ్ళవి. మన వైజాగ్ దగ్గర ఐఎన్ఎస్ కర్ణలో ఉండే మార్కోస్ నేవీ వాళ్ళు. గరుడ్ ఎయిర్‌ఫోర్స్‌ది. ఇవి కాక ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లోనూ ఘాతక్ ప్లటూన్ అని ఒకటుంటుంది. మా పారాచూట్ రెజిమెంట్‌లోనే రెండు రకాల బెటాలియన్లున్నాయి: పారా, పారా ఎస్ఎఫ్. విమానంలోంచి ఇద్దరూ దూకుతారు, మెరూన్ రంగు బెరెట్ టోపీ ఇద్దరికీ ఉంటుంది. బలిదాన్ బ్యాడ్జి మాత్రం ఎస్ఎఫ్ వాళ్ళదే. కిందికి చూస్తున్న బాకు, రెండు రెక్కలు, బాకు మీద దేవనాగరిలో 'బలిదాన్' అనే మాట. 2019 వరల్డ్ కప్‌లో ధోనీ కీపింగ్ గ్లవ్స్ మీద ఆ గుర్తు కనిపించి, ఐసీసీ తీసేయమని గొడవైంది గుర్తుందా? ఆ వారం మా ఊళ్ళో నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో! ఇరవై ఏళ్ళు నా ఛాతీ మీద ఉన్నదాన్ని మా వాళ్ళు ధోనీ గ్లవ్స్ మీద చూసి కనుక్కున్నారు. నిజం చెప్పాలంటే సంతోషమే అనిపించింది.

బెరెట్ అయినా బ్యాడ్జి అయినా ప్రొబేషన్ గట్టెక్కాకే. 90 రోజులు. ప్రొబేషన్ అంటే ఆఫీసుల్లో కొత్త ఉద్యోగికి ఉండేది కాదు. ఆ తొంభై రోజుల్లో ఏ రోజు ఏం చేయిస్తారో తెలియదు, ఎప్పుడు పడుకోనిస్తారో తెలియదు. కళ్ళు మూతపడుతున్నప్పుడే మ్యాప్ ఇచ్చి లెక్కలు అడుగుతారు. 10 కిలోమీటర్లు, 20, 30, 40... వీపు మీద బరువుతో, చేతిలో రైఫిల్‌తో స్పీడ్ మార్చ్. వీపున వేసుకునే సంచిని అక్కడ పిట్టూ అంటారు. పిట్టు అంటే మా అమ్మ ఆవిరి మీద వండే బియ్యప్పిండి పిట్టు తప్ప వేరేది తెలియని నాకు, ఆ పిట్టూ భుజాల మీద రెండు వాతలు మిగిల్చింది. రగడ అంటే మనకి గొడవ. అక్కడ 'రగడా' అంటే ఉస్తాద్ మా ఒళ్ళంతా నేలకేసి రుద్దించడం. ఫ్రంట్ రోల్, పాకడం, మళ్ళీ ఫ్రంట్ రోల్.

ఉస్తాద్ అంటే మాకు నేర్పేవాడు. తిట్టేదీ ఆయనే, రాత్రి బ్రేక్‌లో కథలు చెప్పేదీ ఆయనే. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ కొద్దిమంది వాలంటీర్లతో మేఘదూత్ ఫోర్స్ అని ఒకటి కట్టిన సంగతి, అదే విత్తనమై మరుసటి ఏడాది 9 పారా బెటాలియన్ మొలిచిన సంగతి ఆయన నోటే విన్నాను. 1971లో జైపూర్ రాజవంశానికి చెందిన లెఫ్టినెంట్ కర్నల్ భవానీ సింగ్ 10 పారా వాళ్ళని ఎడారిలో జీపుల మీద పాకిస్తాన్‌లోని ఛాఛ్రో దాకా నడిపించిన సంగతి కూడా. పూంచ్ దగ్గర మంఢోల్‌లో రాత్రికి రాత్రి 9 పారా వాళ్ళు శత్రువు ఫిరంగులు ఆరింటిని పేల్చేసి వచ్చారని చెప్తూ ఉస్తాద్ ఆగి అడిగారు. "అక్కణ్ణించి గాయపడినవాళ్ళని ఎవరు మోసుకొచ్చారు? ఎలా మోసుకొచ్చారు? ఆలోచించండి." మేము ఫిరంగుల దగ్గరే ఆగిపోయాం. ఆయన మమ్మల్ని ఆ తర్వాతి మైళ్ళ గురించి అడిగారు.

ప్రొబేషన్‌లో అందరం భయపడిన మాట మూడక్షరాలు: ఆర్‌టీయూ. రిటర్న్‌డ్ టు యూనిట్. వచ్చిన చోటికే తిరిగి పంపేయడం. అరుపులుండవు, అవమానం ఉండదు. పొద్దున్నే పెట్టె సర్దుకోమంటారు, అంతే. మధ్యాహ్నం లంగర్‌లో, అంటే మా భోజనాల దగ్గర, వాడి ప్లేటు ఉండదు. నలభై మందికి పైగా మొదలుపెట్టాం, చివరికి తొమ్మిది మందిమి మిగిలాం. నాతో పేరిచ్చిన మిగతా ముగ్గురూ రెండో నెల దాటలేదు. నాకు మొదటి బడ్డీగా వేసిన గఢ్వాలీ కుర్రాడు కొండల్లో పుట్టినవాడు, ఎక్కడమంటే మేకపిల్లే. 40 కిలోమీటర్ల మార్చ్‌లో, ఇంకా ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయనగా, ఎండిన వాగులో మోకాలు మెలితిరిగింది. వాడి రైఫిల్ కూడా నేనే తీసుకుని, వాడి చెయ్యి నా మెడ చుట్టూ వేసుకుని నడిపించుకొచ్చాను. టైము దాటిపోయింది. నన్ను ఉంచారు, వాణ్ణి పంపేశారు. ఎందుకో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వెళ్తూ వాడు తన బెల్టుకున్న వాటర్ బాటిల్ తీసి నా చేతిలో పెట్టాడు. "దీంట్లో నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంచు" అన్నాడు. ఇప్పటికీ ఏ బాటిల్ సగం ఖాళీగా కనిపించినా నింపకుండా ఉండలేను.

బడ్డీ అనే మాట అమ్మకి ఉత్తరంలో రాశాను. అన్నయ్య చదివి వినిపిస్తే, "బడ్డీ ఏమిట్రా, కిళ్ళీ బడ్డీయా?" అందట. సెలవుకొచ్చినప్పుడు చెప్పాను. బడ్డీ అంటే నాతో జతగా ఉండేవాడమ్మా, వాడు పడుకుంటే నేను మేలుకుంటాను, నేను తింటుంటే వాడు కాపలా ఉంటాడు, నాకు దెబ్బ తగిలితే ముందు నా దగ్గరికి వచ్చేది వాడే. అమ్మ కాసేపు ఊరుకుని, "వాడికి అమ్మ ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. వచ్చేటప్పుడు ఉద్దానం జీడిపప్పు రెండు పొట్లాలు కట్టింది. ఒకటి నాకు కాదు.

స్క్వాడ్ అంటే అయిదారుగురు. కొన్ని స్క్వాడ్లు కలిస్తే ట్రూప్, ట్రూపులు కలిస్తే టీమ్. ఆ అయిదారుగురిలో ప్రతివాడికీ ఒక ప్రత్యేకమైన పని ఉంటుంది. ముందు నడిచే స్కౌట్, దారి లెక్కగట్టే నావిగేటర్, రేడియో సెట్ మోసేవాడు, పేలుడు పదార్థాల పని తెలిసినవాడు, గాయపడినవాళ్ళని చూసుకునే మెడిక్. మా కుర్రాళ్ళకి నేను నొక్కి చెప్పాలనుకునేది ఈ పేర్లు కాదు. ఒక్కొక్కరికీ సొంత పని కాక పక్కవాడి పని కూడా వచ్చి ఉండాలి. నాకు రేడియో వచ్చు. మా రేడియోవాడికి చేతి నరంలోకి సూది ఎక్కించడం వచ్చు. మా డెమాలిషన్ హవల్దార్ మ్యాప్ చదివితే నావిగేటర్ కూడా కిక్కురుమనేవాడు కాదు. ఎందుకిలా అని కొత్తలో అడిగితే ఉస్తాద్ ఒకటే అన్నారు: "ఆ పని చేసేవాడే పడిపోతే?" అంతకంటే వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

నేను మెడిక్ ఎలా అయ్యానంటే, సూదీ దారం వల్ల. ఆర్మీలో సూదీ దారం, బొత్తాలు పెట్టుకునే చిన్న సంచిని 'హౌస్‌వైఫ్' అంటారు. ప్రొబేషన్‌లో మార్చ్‌ల తర్వాత అందరి పాదాలూ బొబ్బలే. మా నాన్న చేపల వలలు అల్లేవాడు, సూది నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. సూదిని అగ్గిపుల్ల మంటలో కాల్చి, దారం ఎక్కించి, బొబ్బలోంచి అటు నుంచి ఇటు గుచ్చి, దారం కొసలు రెండు వైపులా వదిలేస్తే లోపలి నీరు దారం వెంట కారిపోతుంది, పైచర్మం ఊడదు. పొద్దున్న మళ్ళీ బూట్లు వేసుకోవచ్చు. పెన్ టార్చి నోట్లో పెట్టుకుని ఒక రాత్రి అయిదుగురి కాళ్ళు చూశాను. తల ఎత్తితే గుమ్మంలో ఉస్తాద్! పడుకోవాల్సిన టైములో దొరికిపోయాను, రగడా తప్పదనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ప్రొబేషన్ అయ్యాక ఎవరెవరికి ఏ ట్రేడ్ అని లిస్టు చదివినప్పుడు నా పేరు పక్కన బీఎఫ్ఎన్ఏ అని ఉంది. బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్. నాకూ ఆ రోజు మొహం చిన్నబోయింది, మొన్నటి కుర్రాడి లాగే.

అంతకు ముందు ఆగ్రా వెళ్ళాలి. పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ అక్కడుంది, నేర్పేది ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు. కాళ్ళు, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని నేల మీద పడి దొర్లడం రోజుకి ఎన్నిసార్లు చేయించారో లెక్కలేదు. ఏఎన్-32లో వరసగా కూర్చుంటాం, ఆ వరసని స్టిక్ అంటారు. లేచి నిలబడి, వీపు మీది పారాచూట్ నుంచి వచ్చే స్టాటిక్ లైన్ కొక్కేన్ని తల పైన ఉన్న తీగకి తగిలించాలి. ఇంజన్ల హోరులో ఆ 'టక్' చప్పుడు వినపడదు, వేలికి తెలుస్తుంది. వెనకవాడు నా కొక్కేన్ని లాగి చూసి భుజం తట్టాడు. ఎర్ర దీపం. వెనక ర్యాంప్ తెరుచుకుంది. కింద మల్పురా మైదానం, 1,250 అడుగుల కింద, ఎండిన పొలం రంగులో. పచ్చ దీపం. నా ముందువాడు లేడు. నా కాళ్ళ కింద కూడా ఏమీ లేదు. మూడు నాలుగు సెకన్లలో భుజాల్ని ఎవరో పట్టుకుని పైకి లాగినట్టయింది. ఆ తర్వాతి నిశ్శబ్దం... సముద్రంలో నాటు పడవ మోటారు ఒక్కసారిగా ఆపేస్తే ఎలా ఉంటుందో అలా. అయిదు జంపులు, అందులో ఒకటి రాత్రి పూట. అవి పూర్తయితే వింగ్స్, అంటే రెక్కల బ్యాడ్జి. సిపాయి అనే పిలుపు కూడా మారిపోతుంది. మా రెజిమెంట్‌లో సిపాయిని పారాట్రూపర్ అంటారు.

తర్వాత మిలిటరీ హాస్పిటల్లో నెలల తరబడి నేర్చుకున్నాను. రాత్రి పగలు క్యాజువాలిటీలో నిలబడి కట్లు కట్టడం, కుట్లు వెయ్యడం. యూనిట్‌కి తిరిగొచ్చాక అసలు పరీక్ష. చీకటి గదిలో, చేతులకి చలి ఎక్కి ఉండగా, బడ్డీ మోచేతి మడతలో నరం వెతకాలి. కళ్ళతో కాదు. చూపుడు వేలి కొసతో నెమ్మదిగా నొక్కుతూ పోతే కండ మెత్తగా లోపలికి వెళ్తుంది, ఎముక గట్టిగా అడ్డం పడుతుంది, నరం మాత్రం నొక్కి వదిలితే వేలిని తిరిగి నెడుతుంది. తడిసిన నులక తాడులా. దొరికాక వేలు తియ్యకూడదు, రెండో చేత్తో సూది తేవాలి. మొదటి వారం నా బడ్డీ చెయ్యంతా నల్లగా కమిలిపోయింది. మహారాష్ట్రలోని సాతారా వాడు. ఒక్కరోజు కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వైరెంగ్టే జంగిల్ స్కూలు గురించి, గుల్మార్గ్ మంచు గురించి రాస్తే చాలా అవుతుంది, ఇంకోసారి. మంచు దగ్గర ఒక్కటి మాత్రం చెప్తాను. సెలైన్ బ్యాగు పిట్టూలో పెడితే చల్లబడిపోతుంది. అంత చల్లటిది గాయపడ్డవాడి ఒంట్లోకి ఎక్కిస్తే మందు కాదు, హాని. అందుకని చొక్కా లోపల, పొట్టకి ఆనించి మోసేవాళ్ళం. రాత్రంతా ఒంటి వేడి దానికివ్వాలి. నా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నా పొట్ట మీద చెమట పొక్కుల మచ్చలు చూసి ఏమిటని అడిగితే, సెలైన్ మోసినవని చెప్పాను. నమ్మలేదు.

ప్రతి సైనికుడి దగ్గరా ఎఫ్ఎఫ్‌డీ ఉంటుంది. ఫస్ట్ ఫీల్డ్ డ్రెస్సింగ్. అరచేతిలో పట్టేంత పొట్లం, లోపల దూది మెత్త, పొడుగాటి కట్టు గుడ్డ. యూనిట్ మొత్తం ఒకే జేబులో పెట్టుకోవాలి, చీకట్లో ఎవరి జేబు తడిమినా దొరికేలా. నియమం ఏమిటంటే, దెబ్బ తగిలినవాడికి వాడి జేబులోని పట్టీనే కట్టాలి. నీది వాడకూడదు. నీది నీ కోసం, నీకు దెబ్బ తగిలితే నీ బడ్డీ దాన్ని తీస్తాడు. ఎంత ఆలోచించి పెట్టిన నియమమో మొదటిసారి అవసరం పడినప్పుడు గానీ తెలియలేదు.

కాశ్మీర్‌లో కుప్వారా వైపు అడవి, చలికాలం. ఆపరేషన్ వివరాలు రాయను. సాతారా వాడికి తొడలో తగిలింది. వాడు అరవలేదు, నా పేరు ఒక్కసారి పిలిచాడు, అంతే. పాకుతూ వెళ్ళాను. గాయానికి పైన టోర్నికే, అంటే రక్తం ఆపే పట్టీ, బిగించాను. బిగించిన టైము వాడి నుదుటి మీద పెన్నుతో రాయాలి, హాస్పిటల్లో డాక్టరుకి అది తెలియాలి. చెమటకి ఇంకు అంటలేదు, నా మోచేత్తో తుడిచి రాశాను: 2.40. వాడి జేబులోంచి పట్టీ తీసి గాయం మీద అదిమి కట్టాను. తడిసిపోయింది. ఇంకొకటి కావాలి. నా చెయ్యి నా జేబులోకే వెళ్ళింది. అంత నొప్పిలోనూ వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. "నీది వద్దు" అన్నాడు. నియమం వాడికి ఆ స్థితిలో కూడా గుర్తుంది! విడిపించుకుని కట్టాను. మా రేడియోవాడు అప్పటికే నా పక్కన ఉన్నాడు, నేను చెప్పకుండానే నా చొక్కా లోపలి నుంచి సెలైన్ తీసి, వాడి రెండో చేతిలో నరం వెతుకుతున్నాడు. వేలి కొసతో. నేను నేర్పినట్టే. తెల్లారేదాకా మోసుకుంటూ దిగాం. నా జేబు ఖాళీగా ఉందన్న సంగతి ఆ నడకంతా తొడ దగ్గర తెలుస్తూనే ఉంది.

వాడి కాలు నిలబడింది. కొంచెం ఈడుస్తాడు. సాతారా దగ్గర చెరకు వేస్తాడు. ఏటా దీపావళికి ఫోన్ చేసి, "నీ పట్టీ ఒకటి బాకీ ఉన్నాను" అంటాడు. గఢ్వాలీ కుర్రాడి జాడ మాత్రం నాకు దొరకలేదు.

2021 డిసెంబరు 8న కూనూర్ దగ్గర జనరల్ బిపిన్ రావత్ హెలికాప్టర్ కూలినప్పుడు, అందులో మన చిత్తూరు జిల్లా లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఉన్నాడు. పారా ఎస్ఎఫ్ వాడే. టీవీలో ఆ నీలగిరుల్లోని చెట్లు, పొగ చూపిస్తుంటే, నేను రిక్రూట్‌గా తిరిగిన కొండలు అవి అని తెలుస్తూనే ఉంది. నేను చూడని కుర్రాడు. అయినా మా స్క్వాడ్‌లో ఒకణ్ణి పోగొట్టుకున్నట్టు రెండు రోజులు అన్నం సయించలేదు. బారువ కుర్రాళ్ళు ఆ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించారు. వాళ్ళలో సగం మందికి పారా అనే మాట ఆ రోజే తెలిసింది.

నిన్న పొద్దున్న ఆ చిన్నవాణ్ణి పిలిచి చెయ్యి చాపమన్నాను. మోచేతి మడత దగ్గర వాడి వేలినే పెట్టి, కళ్ళు మూసుకోమన్నాను. "నొక్కు. వదులు. మళ్ళీ నొక్కు. తిరిగి నెడుతోందా?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్ళు తెరవకుండానే, "దొరికింది మామయ్యా" అన్నాడు.

మిగతావాళ్ళు కూడా చేతులు చాపారు. ఎల్లుండి ఆదివారం, పరుగు లేదు, అందరినీ మా పెరట్లోకి రమ్మన్నాను. నాన్నగారి పాత పంచె ఒకటి చింపి పట్టీలు చేసి ఉంచాను. పదకొండు వచ్చాయి. కుర్రాళ్ళు పన్నెండు మంది, ఇంకొకటి చూడాలి.